విరిగిన పాదము, వికసించిన వాక్కు



క్రీడాకారుల జీవితములను గూర్చి ముచ్చటించుకొనునపుడు వారు గెలిచిన పోటీలను, పొందిన పతకములను లెక్కపెట్టి, ఆ లెక్క ఎక్కడ ముగియునో అక్కడనే వారి కథకును మంగళము పాడుట మనకు పరిపాటి. కాలో చేయియో విరిగి ఆటకు దూరమైన యువకుని విషయమున మన సానుభూతి ఒక్క నిట్టూర్పుతో సరిపోవును. 'పాపము, ఎంత పైకి రావలసినవాడు!' అని అనుకొని, మరునాడు మరియొక విజేత పేరును పత్రికలో వెదకికొందుము. కాని, ఇరువది యేండ్ల ప్రాయమున దేశమంతటి ప్రశంసలందుకొని, ముప్పది నిండకుండగనే ఆ ప్రశంసకు ఆధారమైన శరీరము తనకు ఎదురు తిరుగగా, మిగిలిన జీవితమును దేనితో నింపవలెనను ప్రశ్నకు ముఖాముఖిగ నిలువవలసి వచ్చిన మనుష్యుని చరిత్రము, వట్టి గెలుపుల చరిత్రముకంటె మనబోంట్లకు ఎక్కువ ఉపకరించునని నా విశ్వాసము. అట్టి చరిత్రము నొకదానిని నేడు మీకు మనవి చేయదలచితిని. అది అమెరికా దేశపు కళాశాల బాస్కెట్‌బాల్ క్రీడలో అసమానుడని పేరొంది, ఆ వెనుక పాదముల ఎముకలు మాటిమాటికి విరుగుటచేత యౌవనములో సగమును ఆసుపత్రులపాలు చేసికొని, తుదకు మాటనే వృత్తిగ స్వీకరించి బ్రదికిన బిల్ వాల్టన్ చరిత్రము.

ఇట్టి కథలను చెప్పువారందరును ధైర్యమును స్తుతింతురు. ధైర్యము గొప్ప గుణమే. దానిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయినను వాల్టన్ జీవితమును ఆమూలాగ్రముగ పరిశీలించిన కొలదియు, ఒకానొక సందర్భమున ధైర్యమే ఆయనకు తీరని కీడు చేసినదనియు, ఆపదలనుండి ఆయనను గట్టెక్కించిన గుణము వేరొకటి కలదనియు నాకు స్పష్టమైనది. ఆ గుణము శిష్యత్వము. ఎంత ఎదిగినవాడైనను మరల మొదటి పాఠమునొద్ద కూర్చుండుటకు సిగ్గుపడని స్వభావమును నేను శిష్యత్వమనుచున్నాను. ఈ మాట ఎంతవరకు నిజమో కథ విన్న పిమ్మట మీరే నిర్ణయింపవచ్చును.

వాల్టన్ 1952 నవంబరు 5న కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ డియేగో నగరము చెంతనున్న లా మేసా అను పట్టణమున జన్మించెను. తల్లి గ్రంథాలయమున ఉద్యోగిని. తండ్రి సాంఘిక సేవలోను బోధనలోను కాలము గడపినవాడు. పుస్తకములకును సంగీతమునకును కొదువలేని ఇల్లు అది. ఆటల గొడవ ఆ తలిదండ్రులకు అంతగా తెలియదు. పిల్లవాడు మాత్రము తాటిచెట్టువలె పెరిగి, చివరకు 6 అడుగుల 11 అంగుళముల ఎత్తువాడయ్యెను. చిన్ననాటినుండియు ఆయనను రెండు లోపములు వెంటాడెను. ఒకటి దేహమునకు సంబంధించినది: ఉన్నత పాఠశాల విద్యార్థిగ నున్న దినములలోనే మోకాలు చెడి శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను. రెండవది నాలుకకు సంబంధించినది: ఆయనకు తీవ్రమైన నత్తి. ఎదుటివాడు పలకరించినచో మారు పలుకుటకైనను మాట పెగలక, ఎఱ్ఱనైన మొగము నేలకు దించుకొని తొలగిపోయెడివాడు. మాట అక్కరలేని స్థలము ఆయనకు లోకమున ఒక్కటే కనబడెను. అది బాస్కెట్‌బాల్ కోర్టు.

1970లో ఆయన లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, అనగా జనులు యు.సి.ఎల్.ఏ. అని వ్యవహరించు విద్యాలయమున, ప్రవేశించెను. అచ్చటి బాస్కెట్‌బాల్ జట్టునకు శిక్షకుడు జాన్ ఉడెన్. 1964 మొదలు 1975 వరకు గల పన్నెండు సంవత్సరములలో పది పర్యాయములు జాతీయ కళాశాల విజేతృత్వమును తన జట్టునకు సంపాదించి పెట్టిన ఆ మహానుభావుడు స్వభావముచేత ఇంగ్లీషు పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయుడు. తాను ఆట నేర్పుచున్నానని గాక, పాఠము చెప్పుచున్నాననియే ఆయన భావించెడివాడు.

ఆ గురువు చెప్పు మొదటి పాఠమును మీరు దగ్గరగా చూడవలెను. దేశము నలుమూలలనుండి ఏరి తెచ్చిన యువకులు, ఒక్కొక్కడును తన పాఠశాలకు కీర్తి తెచ్చినవాడు, మొదటి దినమున ఏ రహస్యములు బోధించునో యని చెవులు రిక్కించుకొని కూర్చుందురు. ఉడెన్ వారిచేత బూట్లు విప్పించి, మేజోళ్లు తొడుగుకొనుట నేర్పును! మేజోటిని వ్రేళ్లమీదుగ తొడిగి, అరికాలి క్రింద ముడుతపడకుండ సవరించి, మడమచుట్టు చేతితో నిమిరి, చిటికెన వ్రేలియొద్ద నలుగు లేకుండ చూచికొని పైకి లాగవలెను. పిమ్మట బూటు త్రాళ్లను క్రింది రంధ్రమునుండి ఒక్కొక్కటిగ బిగించుచు వచ్చి రెండు ముళ్లు వేయవలెను. ముడుత ఉన్నచోట బొబ్బ లేచును. బొబ్బ లేచినవాడు అభ్యాసమునకు రాలేడు. అభ్యాసము తప్పినవాడు ఆటకు పనికిరాడు. ఇదియే ఆయన తర్కము. ఆ యువకులలో కొందరికి నవ్వు వచ్చియుండును. వాల్టన్ మాత్రము ఆ పాఠమును జీవితాంతము చెప్పుకొనెను. పెద్దపని యనునది చిన్నపనుల మొత్తమే యనియు, ఆ చిన్నపనులలో ప్రతిదానికిని ఒక సరియైన తీరు కలదనియు, ఆ తీరు ఆలోచన నపేక్షింపని అలవాటుగ మారువరకు తిరిగి తిరిగి చేయవలసినదే యనియు ఆయన అక్కడ గ్రహించెను.

ఈ శిష్యుడు అంత సులభముగ లొంగెడివాడు కాడు. అవి వియత్నాం యుద్ధకాలపు దినములు. 1972 మే నెలలో విశ్వవిద్యాలయమున జరిగిన యుద్ధవ్యతిరేక ప్రదర్శనలో పాల్గొని ఆయన పోలీసులచేత నిర్బంధింపబడెను. జుట్టును గడ్డమును పెంచుకొనుట తన హక్కని గురువుతో వాదమునకు దిగగా, ఉడెన్ ఆ పట్టుదలను మెచ్చుకొని, ఆయన లేని లోటు జట్టునకు తప్పక తెలియునని శాంతముగ పలికెనట. వాల్టన్ వెంటనే సైకిలెక్కి క్షౌరశాలకు పరుగెత్తెను. సిద్ధాంతమున ఎదురించియు విద్యయందు శిరసు వంచిన శిష్యుడతడు.

ఫలితము చరిత్ర ప్రసిద్ధము. ఆయన ఆడిన మూడు సంవత్సరములలో ఆ జట్టు 86 ఆటలు గెలిచి నాలుగు మాత్రమే ఓడెను; మొదటి రెండేండ్లలో ఓటమి యన్నదే లేదు. ఆయన ఆ జట్టున ఆడనారంభించుటకు ముందే మొదలై ఆయన కాలమున పూర్తియైన వరుస విజయముల సంఖ్య 88. 1973 మార్చిలో సెయింట్ లూయీ నగరమున మెంఫిస్ స్టేట్ జట్టుతో జరిగిన తుది పోటీలో వాల్టన్ బుట్ట వైపునకు 22 పర్యాయములు బంతిని విసరి, ఒక్కటి తప్ప తక్కిన 21ని బుట్టలో వేసి, 44 పాయింట్లు సంపాదించెను. మూడేండ్లును దేశమునందలి ఉత్తమ కళాశాల క్రీడాకారుడుగ ఎన్నికయ్యెను. అయినను ఆట ముగియగానే పత్రికా విలేఖరులను తప్పించుకొని తిరిగెడివాడు. అది అహంకారమని పలువురు భావించిరి. గొంతులో చిక్కుకొన్న మాటలు వారికెట్లు తెలియును?

1974లో వృత్తి క్రీడాకారుల ఎంపికలో ఆయన ప్రథముడుగ ఎన్నికై పోర్ట్‌లండ్ ట్రెయిల్ బ్లేజర్స్ జట్టున చేరెను. సంవత్సరమునకు 82 ఆటలుండగా, గాయముల మూలమున మొదటి యేట 35, రెండవ యేట 51 మాత్రమే ఆడగలిగెను. మూడవ సంవత్సరమున, జాక్ రామ్సే శిక్షకత్వమున, దేహము కొంత సహకరింపగా ఆయన ప్రతిభ పూర్ణచంద్రునివలె వెలసెను. బ్లేజర్స్ జట్టు స్థాపింపబడి అప్పటికి ఏడేండ్లు. అంతకుముందు ఒక్కసారియు తుది దశ పోటీలకు అర్హత పొందలేదు. అట్టి జట్టు జూలియస్ ఎర్వింగ్ వంటి ఘనుడు గల ఫిలడెల్ఫియా జట్టుతో తుది పోటీలలో మొదటి రెండాటలు ఓడి, తరువాతి నాలుగును వరుసగ గెలిచి, 1977 జూన్ 5న విజేతయయ్యెను. ఆనాటి ఆటలో వాల్టన్ 20 పాయింట్లు సంపాదించుటతోపాటు, బుట్ట తగిలి వెనుకకు వచ్చిన బంతిని 23 మారులు చేజిక్కించుకొని, ఏడు మారులు సహచరులచేత బుట్ట వేయించి, ఎదుటివారి ప్రయత్నములను ఎనిమిదింటిని చేతితో అడ్డగించెను. గంట మ్రోగగానే చొక్కా విప్పి ప్రేక్షకులలోనికి విసరివైచెను.

ఈ లెక్కలో ఒక విశేషము గమనింపదగినది. ఆయన గొప్పతనము తాను బుట్టలు వేయుటయందు మాత్రమే లేదు. ఎదుటివాడు గురితప్పిన బంతిని అందుకొని, పాదములు నేలను తాకుటకు ముందే మెడ త్రిప్పి, కోర్టు రెండవ కొసకు పరుగిడుచున్న సహచరుని కనిపెట్టి, అతని చేతిలోనికి బంతిని విసరుట ఆయనకు సహజవిద్య. ఆటను మొత్తముగ చూచుట, రాబోవుదానిని క్షణము ముందుగ ఊహించుట, తాను చూచినదానిని ఇతరులకు అందించుట: ఈ మూడును పాదములలో నుండు విద్యలు కావు. పాదములు పోయినను అవి నిలుచును. ఇది అప్పటికి ఆయనకును తెలిసియుండదు.

మరుసటి సంవత్సరము బ్లేజర్స్ అరువది ఆటలాడి ఏబదింటిని గెలిచియుండగా వాల్టన్ పాదము దెబ్బతినెను. 58 ఆటలే ఆడియు ఆ యేటి అత్యుత్తమ క్రీడాకారుడుగ ఎన్నికయ్యెననగా ఆ ప్రతిభ ఎట్టిదో ఊహింపవచ్చును. సియాటిల్ జట్టుతో తుది దశ పోటీలు వచ్చెను. జట్టునకు ఆయన కావలెను. నగరమునకు ఆయన కావలెను. ఆయనకును ఆడవలెనను ఆరాటము. నొప్పి తెలియకుండ పాదమునకు సూదిమందు వేయించుకొని ఆయన కోర్టులోనికి దిగెను. ఆట తరువాత తీసిన ఎక్స్‌రేలో ఎడమ పాదపు నావిక్యులర్ అను ఎముక విరిగినట్లు కనబడెను.

పాదమునకు నడుమ పైభాగమున, పడవ ఆకారమున నుండు ఈ చిన్న ఎముక, వంతెన కమానునకు నట్టనడిమి రాయి ఎట్టిదో పాదపు వంపునకు అట్టిది. ఎగిరి దిగిన ప్రతిసారియు దేహభారమంతయు దానిమీదుగ ప్రసరించును. దాని మధ్యభాగమునకు రక్తప్రసారము స్వల్పమగుటచేత, ఒకసారి పగిలినచో అతుకుకొనుట కష్టము. వాల్టన్ పాదముల వంపు పుట్టుకచేతనే మిక్కిలి ఎత్తైనది; ఒత్తిడిని సర్దుకొనగల మెత్తదనము వానికి లేకుండెను. అట్టి పగులునకు నేటి వైద్యులు ఆరునుండి ఎనిమిది వారములపాటు కాలు నేల మోపనీయక కట్టు కట్టి ఉంచుదురు. పగులును తొలిదశలోనే పట్టియిచ్చు ఎం.ఆర్.ఐ. వంటి సాధనములు నాటి వైద్యులకు అందుబాటులో లేవు.

నొప్పి యనునది శరీరము మనకు చెప్పు మాట. ఆ మాట వినబడకుండ చేసి ముందుకు నడచుట ధైర్యమని ప్రేక్షకులకు తోచును. కాని వాల్టన్ వృత్తిజీవితమును ఛేదించినది ఆ ధైర్యమే. తనకు జరిగిన చికిత్స విషయమున జట్టు యాజమాన్యముతో ఆయనకు తీవ్ర వివాదము కలిగెను. మరుసటి సంవత్సరమంతయు ఆడక నిరసన తెలిపెను. ఆ వివాదమున ఎవరిది న్యాయమో తేల్చుట ఇప్పుడు నా పని కాదు. అయినను, గెలుపు చేతికందు దూరమున నున్నపుడు క్రీడాకారుడును, శిక్షకుడును, వైద్యుడును, ప్రేక్షకుడును అందరును ఒక్కటై నొప్పిని మరచిపోవుటకు సిద్ధపడుదురనియు, తరువాతి నొప్పిని మాత్రము క్రీడాకారుడొక్కడే జీవితాంతము అనుభవించుననియు ఈ ఉదంతము తెల్లము చేయుచున్నది.

1979లో ఆయన తన స్వస్థలమైన శాన్ డియేగోలోని క్లిప్పర్స్ జట్టున చేరెను. సొంత ఊరి జనము కొండంత ఆశతో ఎదురుచూచిరి. ఆ యేడు పదునాలుగు ఆటలాడగనే పాదము మరల విరిగెను. తరువాతి రెండు సంవత్సరములు, 1980–81, 1981–82, ఒక్క ఆటయైనను ఆడలేదు. వయస్సు ఇరువదియెనిమిది, ఇరువదితొమ్మిది. బలము పరిపూర్ణముగ నుండవలసిన ఈడు. పాదపు వంపునే తగ్గించి ఎముకల అమరికను మార్చు కఠినమైన శస్త్రచికిత్స ఆ కాలముననే జరిగెను. లోకము దృష్టిలో అవి శూన్యవత్సరములు. గణాంక పట్టికలలో ఆ వరుసలు నేటికిని ఖాళీగనే యుండును. కాని ఆయన జీవితమున అత్యంత ఫలవంతమైన విద్యాభ్యాసము జరిగినది ఆ ఖాళీ వరుసలలోనే. ఆ కాలముననే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువుటకు మొదలిడెను. అంతకంటె ముఖ్యముగ, ఆ కాలముననే మాటలాడుట నేర్చుకొనెను.

ఇరువదియెనిమిదవ యేట ఒకనాడు అనుకోకుండ ఆయనకు మార్టీ గ్లిక్‌మన్ అను పెద్దమనిషి తారసపడెను. రేడియోలో ప్రసంగించు నేను ఈ పేరును గౌరవముతో ఉచ్చరింపవలెను. ఏలయనగా రేడియోలో బాస్కెట్‌బాల్ ఆటను వర్ణించు విద్యకు ఒరవడి దిద్దినవారిలో ఆయన అగ్రగణ్యుడు. బంతి కోర్టులో ఏ మూల నున్నదో, ఎవరి చేతిలో నున్నదో, బుట్టకెంత దూరమో, ఇంటిలో కూర్చున్న శ్రోతకు కన్నులకు కట్టునట్లు చెప్పుట ఆయన సాధించిన కళ. ఆయనకును ఒక గాయము కలదు. అది ఎముకకు తగిలినది కాదు. 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో అమెరికా రిలే పరుగు జట్టునకు ఎంపికైన గ్లిక్‌మన్‌ను, ఆయనతోపాటు శామ్ స్టోలర్ అను మరియొక యువకుని, పరుగునాటి ఉదయమున హఠాత్తుగ తొలగించిరి. జట్టులో యూదులు వారిద్దరే. పరుగు పందెమున నోటికందిన అన్నమును కోల్పోయిన ఆ మనుష్యుడు జీవితమును వాక్కుతో తిరిగి నిర్మించుకొన్నవాడు. అట్టివాడు వాల్టన్ తడబాటును విని, జాలిపడి ఊరకుండక, ఉపాయము చెప్పెను.

ఆ ఉపాయములో మంత్రమేమియు లేదు. నెమ్మదిగ మాటలాడుము, నోరు తెరచుటకు ముందు ఏమి చెప్పదలచితివో మనస్సున సరిచూచుకొనుము, ఏ ధ్వనులు పలుకుట కష్టమో గుర్తించి వానినే ప్రత్యేకముగ అభ్యసింపుము, ప్రతిదినము పుస్తకము తీసికొని బిగ్గరగ చదువుము, దవడ కండరములు సాగుటకై చక్కెర లేని చూయింగ్ గమ్ నములుము, ఈ నేర్చినదానిని పిల్లలకు నేర్పుము. అన్నింటికంటె ముఖ్యముగ, బాస్కెట్‌బాల్ నెట్లు నేర్చితివో మాటను అట్లే నేర్చుకొనుము. ఈ చివరి సలహాతో వాల్టన్‌కు దారి దొరకెను. మాటలాడుట పుట్టుకతో రావలసిన వరమనియు, అది తనకు దక్కలేదనియు అంతవరకు ఆయన నమ్మియుండెను. మాటయు ఒక విద్యయేయైనచో దానికిని మేజోళ్ల పాఠము కలదన్నమాట! ముడుత లేకుండ ధ్వనిని సవరించుకొనవచ్చును. ఒక్కొక్క రంధ్రముగ త్రాడు బిగించినట్లు ఒక్కొక్క పదముగ వాక్యమును బిగించుకొనవచ్చును.

ఆ దృశ్యము నొకసారి ఊహింపుడు. దేశమునందలి ఉత్తమ క్రీడాకారుడుగ కిరీటము ధరించిన ఆజానుబాహువు, కట్టు కట్టిన కాలు చాచుకొని, చిన్నపిల్లవానివలె పుస్తకము పట్టుకొని పై గొంతుకతో చదువుచున్నాడు, ఒక్కొక్క అక్షరమునొద్ద ఆగుచున్నాడు, మరల మొదలిడుచున్నాడు. ఇందులో చప్పట్లు లేవు, ప్రేక్షకులు లేరు. సూదిమందు పొడిపించుకొని ఒక్క ఆట ఆడుట ఒక సాయంకాలపు సాహసము. ఇది సంవత్సరముల తరబడి చేయవలసిన దీక్ష. నత్తి తనను పూర్తిగ విడువలేదనియు, దానితో నిత్యము వ్యవహరించుట మాత్రమే నేర్చుకొంటిననియు ఆయన తరువాత దాచక చెప్పెడివాడు. నత్తి గల పిల్లలకు ధైర్యము చెప్పుటను కడవరకు ఒక ధర్మముగ పాటించెను.

పాదము కొంత కుదుటపడగా 1982లో మరల ఆటకు వచ్చెను. 33, 55, 67, ఏటేట ఆటల సంఖ్య పెరుగుచు వచ్చినను, ప్రథమ స్థానమునకు తాను తగనని ఆయనకు తెలిసెను. 1985లో బోస్టన్ సెల్టిక్స్ జట్టు పెద్దయైన రెడ్ ఔర్‌బాక్‌నకు స్వయముగ ఫోను చేసి తనకొక అవకాశమీయుమని అడిగెను. ఆ సమయమున అక్కడనే యున్న ఆ జట్టు ఆటగాడు లారీ బర్డ్, వాల్టన్ తాను ఆడగలనని చెప్పినచో తనకు ఏ వైద్యుని పరీక్షయు అక్కరలేదనెనట. ఆ జట్టున రాబర్ట్ ప్యారిష్ ప్రధాన స్థానమున నుండగా, వాల్టన్ బల్లపై కూర్చుండి తన వంతు వచ్చినపుడు లేచి ఆడు ఆటగాడయ్యెను. 48 నిమిషముల ఆటలో సగటున ఆయన కోర్టుపై నుండినది పందొమ్మిది నిమిషములు మాత్రమే. ఒకప్పుడు జట్టంతయు తన చుట్టు తిరుగగా చూచినవాడు, ఇపుడు ఇతరుల చుట్టు తిరుగుటయందే ఆనందమును వెదకికొనెను. ఆ సంవత్సరము ఆయన 80 ఆటలాడెను. జీవితమున అన్ని ఆటలు ఆడిన సంవత్సరము మరియొకటి లేదు. సొంత కోర్టుపై సెల్టిక్స్ 41 ఆటలలో 40 గెలిచి, 1986లో విజేతలైరి. బల్లపైనుండి లేచి వచ్చు ఆటగాండ్రలో ఉత్తముడన్న పురస్కారము వాల్టన్‌కు దక్కెను. ఆ పురస్కారమును, సంవత్సరపు అత్యుత్తమ క్రీడాకారుని పురస్కారమును, తుది పోటీల ఉత్తమ క్రీడాకారుని పురస్కారమును, మూడింటిని అందుకొన్నవాడు ఆయన తప్ప వేరొకడు లేడు. శిఖరమును ఎక్కుటయు, శిఖరమునుండి దిగివచ్చి సోపానముగ నిలుచుటయు, రెండును చేతనైనవాడని దీని భావము.

మరుసటి యేడు పదియాటలతో పాదములు తుది విన్నపము చేసికొన్నవి. పదమూడు సంవత్సరముల వృత్తిజీవితమున వేయికి పైగ ఆటలు జరుగగా ఆయన ఆడినవి 468. పిమ్మట రెండు చీలమండలను కదలకుండ శాశ్వతముగ అతికించివేయవలసి వచ్చెను. మొత్తముమీద ఆయన దేహమునకు జరిగిన శస్త్రచికిత్సలు ముప్పదికి పైబడినవి.

1990 ప్రాంతమున ఆయన ప్రసార వ్యాఖ్యాతగ మైక్రోఫోను ముందు కూర్చుండెను. నత్తివాడని పేరుపడినవానికి మాటతో బ్రదుకు గడుచునని నమ్మినవారు ఎందరుందురు? ఆయన గడపుటయే కాక, రాణించెను. పలు జాతీయ దూరదర్శన సంస్థలలో వ్యాఖ్యానించెను. 2009లో అమెరికా క్రీడా వ్యాఖ్యాతల సంఘము సర్వకాలముల శ్రేష్ఠ వ్యాఖ్యాతలను ఏబదిమందిని ఎన్నినపుడు వారిలో వాల్టన్ ఒకడు. ఆయన వ్యాఖ్యానమున అతిశయోక్తులు మెండు. ఆట నడుచుచుండగా భూగర్భశాస్త్రమునకో, నదులకో, సంగీతమునకో దారిమళ్లెడివాడు. కొందరు శ్రోతలకు అది రుచింపలేదు. వారి అభిరుచిని కాదనను. అయినను ఇరువదియెనిమిదేండ్లు మూతపడియున్న ద్వారము తెరచుకొన్నపుడు ఆ ప్రవాహము గట్లు దాటుటలో ఆశ్చర్యమేమి? మాటలాడగలుగుట ఒక భాగ్యమని ప్రతి వాక్యమునందును ఎరిగి మాటలాడువారు మనలో ఎందరు?

ఇంతతో కష్టములు తీరెనని చెప్పుటకు వీలులేదు. 2008 నాటికి వెన్నెముక కుప్పకూలెను. కూర్చుండలేడు, నిలువలేడు, రెండేండ్లకు పైగ కాలము అధికభాగము నేలపై పడుకొనియే గడచెను, భోజనమును నేలమీదనే. ప్రాణము తీసికొనవలెనను తలపు సైతము తనకు కలిగెనని ఆయనయే తరువాత వెల్లడించెను. ధైర్యవంతుడనిపించుకొన్న మనుష్యుడు ఇట్టి మాటను బహిరంగముగ చెప్పుట సామాన్యము కాదు. బాధలోనున్న మరియొకడు తాను ఒంటరినని అనుకొనకుండుటకే ఆయన దానిని చెప్పెను. 2009 ఫిబ్రవరిలో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగెను. లోహపు కడ్డీలును మరలును అమర్చిరి. మరల నడక నేర్చుకొనుట, నీటిలో ఈదుట, సైకిలెక్కుట: మరల మొదటి పాఠము. 2012లో కళాశాల ఆటలకు వ్యాఖ్యాతగ తిరిగివచ్చి, తాను బయలుదేరిన ఆ లోకములోనే కడవరకు పనిచేసెను. 2024 మే 27న, డెబ్బదియొకటవ యేట, క్యాన్సర్ వ్యాధితో పరమపదించెను.

గురువుతో ఆయన బంధము ఎన్నడును తెగలేదు. 2010లో ఉడెన్ తొంబదితొమ్మిదవ యేట మరణించువరకు వాల్టన్ తరచుగ ఆయనకు ఫోను చేసెడివాడు. తన నలుగురు కుమారులు బడికి పోవునపుడు వారి భోజనపు సంచులమీద ఉడెన్ సూక్తులను తన చేతితో వ్రాసి పంపెడివాడు. ఆ కుమారులలో ఒకడైన ల్యూక్, లేకర్స్ జట్టున నుండి 2009, 2010 సంవత్సరములలో విజేతయయ్యెను. విద్యార్థిగ నున్నపుడు పెద్దగ పట్టించుకొనని మాటలను తండ్రియైన వెనుక సంచులమీద వ్రాయుటలో, విద్య ఒక తరమునుండి మరియొక తరమునకు ఎట్లు నడచుచున్నదో మనము చూడవచ్చును.

శ్రోతలారా, మన తెలుగు దేశమునను కళాశాల క్రీడలు కలవు. బాస్కెట్‌బాలో వాలీబాలో కబడ్డీయో ఆడుచు, క్రీడాకోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగము దొరకునన్న ఆశతో చదువును ప్రక్కకు నెట్టిన యువతీయువకులు మనకు తెలియనివారు కారు. వారిలో ఎవరికైనను మోకాలి స్నాయువు తెగినపుడు ఇంటిలో వినబడు మాటలు రెండే. 'ఓర్చుకొని ఆడుము' అనునది ఒకటి; 'ఇక దీని పని అయిపోయినది' అనునది రెండవది. రెండును తప్పే. మొదటిది నావిక్యులర్ ఎముకను విరిచిన మాట. రెండవది గ్లిక్‌మన్ చెప్పకుండిన మాట. ఈ రెంటి నడుమ చెప్పదగిన మూడవ మాట ఒకటి కలదు: 'ఇంతవరకు నేర్చినది నీయొద్దనే యున్నది, దానితో ఇపుడేమి నేర్చెదవు?' తెల్లవారుజామున లేచుట, శిక్షకుని తిట్లు సహించుట, ఒకే పనిని నూరుమారులు చేయుట, పదిమందిలో ఒకడై మెలగుట, ఓడియు మరునాడు మైదానమునకు పోవుట: ఈ అలవాట్లు కండరములలో మాత్రమే దాగియుండవు. శిక్షకుడు కావచ్చును, నిర్ణేత కావచ్చును, ఫిజియోథెరపీ చదువవచ్చును, వ్యాఖ్యాత కావచ్చును. ఆటతో సంబంధములేని వర్తకమునో వ్యవసాయమునో చేపట్టవచ్చును. ఎందున్నను ఆ అలవాట్లు పనికివచ్చును, మరల మొదటి పాఠమునొద్ద కూర్చుండుటకు సిగ్గుపడని పక్షమున.

వ్యాయామోపాధ్యాయులకు నాదొక విన్నపము. బహుమతులు తెచ్చు పిల్లవానికి ఆటతోపాటు తాను దానిని ఎట్లు నేర్చుచున్నాడో కూడ తెలియజెప్పుడు. ఆ తెలివి గలవానికి ఆట ముగిసిననాడు చేతులు ఖాళీగ నుండవు. గాయపడిన విద్యార్థిని మైదానమునుండి ఇంటికి పంపివేయక, ప్రక్కన కూర్చుండబెట్టుకొని చిన్నవారికి నేర్పించుడు, లెక్క వ్రాయించుడు, ఆటను చూచి వివరించుమనుడు. కాలు కుదుటపడువరకు కన్నును నాలుకయు పనిచేయుచుండును. తలిదండ్రులారా, వైద్యుడు విశ్రాంతి చెప్పినన్నాళ్లు బిడ్డను ఆడనీయకుడు; కప్పు పోయినను మరుసటి యేట మరియొక కప్పు వచ్చును, పాదము రాదు. నత్తి గల బిడ్డ మీ ఇంటనున్నచో వాని మాటను మీరు పూర్తిచేయక, వాడు ముగించువరకు ఓపికతో వినుడు; ప్రతిదినము వానిచేత బిగ్గరగ ఒక పుట చదివించుడు; అవసరమైనచో వాక్చికిత్సకుల సాయము పొందుడు. వాల్టన్‌కు ఇరువదియెనిమిదవ యేట దొరకిన గురువు వానికి ఎనిమిదవ యేటనే, మీ ఇంటిలోనే, దొరకవచ్చును.